‘మేము ముందే చెప్పాం’ సరే, చెప్పిన తరువాత?

మొన్న జనవరిలో వక్ఫ్ ఆస్తుల నమోదుపై కమ్మర్‌పల్లిలో జరిగిన ఒక చిన్న సభకు మా పత్రిక పక్షాన ఇద్దరం వెళ్లాం. పసుపు తవ్వకాలు మొదలైన రోజులవి. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి వైపు సాగే అరవై మూడో నంబరు జాతీయ రహదారికి ఇరుపక్కలా చేలలో మనుషులు వంగి పని చేస్తున్నారు. అటువంటి రోజుల్లో కూలీ మానుకొని సభకు రావడం తేలిక కాదు. అయినా నూటికి పైగా వచ్చారు. వారిలో సగం మంది గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవారు, లేదా కొడుకులను గల్ఫ్‌కు పంపి ఇంటి దగ్గర ఉన్నవారు. వెనుక వరుసల్లో పరదా చాటున మహిళలు కూడా ఉన్నారు.

వేదికపై నలుగురు వక్తలు. మొదటి ఆయన తన ప్రసంగాన్ని ‘వక్ఫ్‌పై ఇటువంటి చట్టం రాబోతోందని నేను పదేళ్ల కిందటే నిజామాబాద్ సభలో చెప్పాను’ అంటూ ప్రారంభించారు. రెండవ ఆయన తాను అంతకన్నా ముందే చెప్పానన్నారు. మూడవ ఆయన పాత పత్రిక కత్తిరింపు ఒకటి పైకెత్తి చూపారు. అది మా పత్రికలోనిదే కావడం వల్ల ఆ క్షణాన మాకు కొంత గర్వం కలిగిందని ఒప్పుకోవాలి. ఇలా గంటన్నర గడిచిన తరువాత చివరి వరుసలో ఒక పెద్దాయన లేచారు. అరవై దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మడతలు పడిన కాగితాలు.

‘సాబ్, మీరందరు ముందుగాల్నే చెప్పిన్రు, మంచిగనే ఉన్నది. మా ఊరి ఖబ్రస్తాన్ కాయితాలు యాడున్నయో గది గూడ జర చెప్పుండ్రి. పోయిన నెలతోని గడువు అయిపోయిందంటున్నరు.’

వేదికపై ఎవరి దగ్గరా జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో మా మధ్య వేరే మాట రాలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు కాదు. జవాబు ఎందుకు లేకపోయిందో వెతికే ప్రయత్నం మాత్రమే.

ముందుగా జరిగినది జరిగినట్టు చెప్పుకుందాం. వక్ఫ్ సవరణ బిల్లు 2024 ఆగస్టులో లోక్‌సభ ముందుకు వచ్చింది. సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. 2025 ఏప్రిల్ మొదటి వారంలో ఉభయ సభలు ఆమోదించగా, ఏప్రిల్ 5న రాష్ట్రపతి సంతకంతో చట్టమైంది. జూన్ 6న ‘ఉమీద్’ పోర్టల్ ప్రారంభమైంది. ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాలనూ ఆరు నెలల్లో అందులో ఎక్కించాలన్నారు. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను నిలిపివేసింది. అయిదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నవారే వక్ఫ్ చేయాలన్న షరతు, ప్రభుత్వ భూమి వివాదాల్లో అధికారి విచారణకే ఆస్తి స్వభావాన్ని మార్చే అధికారం ఆ కోవలోనివి. నమోదు గడువును మాత్రం నిలపలేదు. అది డిసెంబరు మొదటి వారంతో ముగిసింది. పొడిగింపు కావలసినవారు వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లవలసిందే.

అంటే బిల్లు సభ ముందుకు వచ్చిన నాటి నుంచి గడువు ముగిసే నాటికి పదహారు నెలలు. ఈ పదహారు నెలల్లో మన జిల్లాలో ఎన్ని సభలు జరిగాయో లెక్క లేదు. వాటిలో అత్యధికం ‘మేము ముందే చెప్పాం’ సభలే. పోర్టల్‌లో ఒక ఆస్తి ఎక్కాలంటే ముతవల్లీ గానీ కమిటీ గానీ వివరాలు నింపాలి, ఆ తరువాత మరో రెండు దశల్లో వక్ఫ్ బోర్డు అధికారులు పరిశీలించి ఆమోదించాలి. దానికి సర్వే నంబరు కావాలి, గెజిట్ పేజీ కావాలి, ఉంటే ముంతఖబ్ నకలు కావాలి. గ్రామాల్లో ఈ మూడింటిలో ఒక్కటీ చేతిలో లేని మసీదులు, దర్గాలు, ఖబ్రస్తాన్‌లు ఎన్నో మేము చూశాం. రాష్ట్ర వక్ఫ్ బోర్డు రికార్డుల గదికే 2017 నవంబరులో ప్రభుత్వం సీలు వేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కాగితం దొరకడం ఇంత కష్టమైన చోట, చట్టం రాకముందే వస్తుందని తెలిసినవారు చేయవలసిన మొదటి పని కాగితాలు పోగుచేయడం. అది తప్ప అన్నీ జరిగాయి.

ముందు తెలిసి కూడా సిద్ధపడనివాడు, తెలియక సిద్ధపడనివాడి కన్నా ఎక్కువ బాధ్యుడు కాడా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెతను మనం అజ్ఞానులపై ప్రయోగిస్తాం. చేతులు కాలుతాయని ముందే చాటి, ఆకు ఒక్కటీ తేకుండా, కాలిన చేతులను చూపి ‘చెప్పానా లేదా?’ అనేవారికి మన భాషలో ఇంకా సామెత పుట్టలేదు.

సొంత జోస్యాన్ని ఉటంకించుకోవడం ముస్లిం సమాజానికి మాత్రమే పరిమితమైన రోగమని మేము అనడం లేదు. తెలుగు నేలపై అది పాత అలవాటు. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనడం మనకు పరిపాటి. వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడు సిద్దయ్య దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు కనుక ఆ మాటలో మనకూ వాటా ఉంది. కాలజ్ఞానం గొప్పతనం గురించి మాకు పేచీ లేదు. మా పేచీ దానిని వాడే తీరుతో. జరిగిన తరువాతే ఆ వాక్యం గుర్తుకు వస్తుంది, జరగక ముందు ఎవరూ దానిని పట్టుకొని ఏ పనీ చేయరు. నేటి నాయకుల తేడా ఒక్కటే, వారు తమకు తామే బ్రహ్మంగార్లు.

కమ్మర్‌పల్లిలోనే దీనికి నిలువెత్తు ఉదాహరణ ఉంది. ఇక్కడ పసుపు పరిశోధన కేంద్రం ఉంది. చుట్టుపక్కల గ్రామాల్లో హిందూ, ముస్లిం తేడా లేకుండా ఎన్నో కుటుంబాల బతుకు పసుపు చుట్టూ తిరుగుతుంది. ఒకరిది చేను, మరొకరిది ఉడకబెట్టే కడాయి, ఇంకొకరిది కల్లంలో ఆరబోసి మెరుగుపెట్టే కూలీ, వేరొకరిది నిజామాబాద్ యార్డుకు కాడి, గోల వేరు చేసి చేర్చే బండి. తొమ్మిది నెలల పంటకు ధర లేకపోతే ఆ దెబ్బ అందరి ఇళ్లలోనూ వినిపిస్తుంది. అందుకే పసుపు బోర్డు కోసం ఏళ్ల తరబడి ఉద్యమం సాగింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి ఓటింగ్ యంత్రాలు పెట్టవలసి వచ్చింది. ఆ ఎన్నికలోనే ఒక అభ్యర్థి, గెలిస్తే బోర్డు తెస్తానని బాండు పేపరుపై రాసి సంతకం చేశారు, గెలిచారు. బోర్డు ప్రకటన వెలువడింది 2023 అక్టోబరు 1న, మహబూబ్‌నగర్ సభలో, ప్రధానమంత్రి నోట. బోర్డు ప్రారంభమైంది 2025 సంక్రాంతి నాడు. నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరుచుకున్నది ఆ ఏడు జూన్ చివరన.

ప్రకటన వెలువడిన మరునాటి నుంచి ఫ్లెక్సీలు మొదలయ్యాయి. ‘నేను చెప్పాను, తెచ్చాను’ అని ఒకరు. ‘పార్లమెంటులో మొదట అడిగింది నేను’ అని మరొకరు. ‘మా ఒత్తిడి వల్లనే’ అని ఇంకొకరు. ఎవరి మాటలోనూ అబద్ధం పూర్తిగా లేదు. అదే ఇక్కడి చిక్కు. నాలుగేళ్ల ఆలస్యాన్ని మరచిపోతే బాండు పేపరు నిజమే. ఫలితాన్ని మరచిపోతే పార్లమెంటు ప్రసంగమూ నిజమే. ఆ ఫ్లెక్సీలలో దేనిపైనా లేనిది ఒక్కటే, నామినేషన్ రుసుముకు చందాలు వేసుకొని పోటీకి దిగిన ఆ 178 మంది. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మనకు తెలుసు. ఆ కథలో ఒక్క ముసలమ్మే ఉంది. మన జిల్లాలో ముగ్గురు నలుగురున్నారు, ప్రతి ఒక్కరికీ సొంత కోడి ఉంది.

బోధన్ సంగతి ఇంకా చేదు. 1937లో శక్కర్‌నగర్‌లో నెలకొన్న నిజాం షుగర్స్ ఒకనాడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు పొందింది. నిజాంసాగర్ నీరు, ఆ నీటికి పండిన చెరకు, ఆ చెరకు చుట్టూ పెరిగిన పట్టణం. మన సమాజంలో ఎన్నో కుటుంబాలు ఆ సైరన్ మోతకు లేచి, ఆ జీతంతో పిల్లలను చదివించుకున్నాయి. 2002లో సంస్థలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2014 ఎన్నికల కాలంలో ప్రభుత్వమే తిరిగి తీసుకొని నడుపుతుందన్న హామీ వచ్చింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. 2017లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. మూత పడిన ఫ్యాక్టరీ గేటు ముందు ఆ తరువాత జరిగిన సభలన్నింటిలోనూ ఒకే పల్లవి: ‘ప్రైవేటుకు ఇస్తే మూతపడుతుందని మేము 2002లోనే హెచ్చరించాం.’ హెచ్చరించారు, నిజమే. హెచ్చరించినవారిలో కొందరు ఆ తరువాత పదేళ్లకు పైగా అధికార పక్షంలోనే ఉన్నారు. బకాయి జీతాల కోసం తిరిగిన కార్మికుడికి ఆ 2002 నాటి ప్రసంగం కత్తిరింపు ఏ కౌంటరు దగ్గరా చెల్లలేదు.

ఇప్పుడు మన సొంత ఇంటికి వద్దాం. పరనింద చేసి ఆత్మస్తుతిని వదిలేస్తే ఈ వ్యాసం కూడా అదే జాతిదవుతుంది.

రిజర్వేషన్ల చరిత్రను తీసుకోండి. 2004 జూలై 12న ముస్లింలకు అయిదు శాతం కల్పిస్తూ నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ‘సాధించాం’ అన్నవారు ఊరేగింపులు తీశారు. సెప్టెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసింది. ‘నిలబడదని ముందే చెప్పాం’ అన్నవారికి అది మంచి రోజు. 2005లో చట్టం వచ్చింది, మొదటివారి మాట చెల్లింది. ఆ నవంబరులో హైకోర్టు దానినీ కొట్టివేసింది, రెండవవారి మాట చెల్లింది. 2007లో నాలుగు శాతంతో కొత్త చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని చెల్లదన్నది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది మళ్లీ ప్రాణం పోసుకుంది. ఆరేళ్లలో ఆరు మలుపులు. ‘నిలుస్తుంది’ అన్నవాడూ, ‘నిలవదు’ అన్నవాడూ చెరి మూడుసార్లు జోస్యులయ్యారు. ఎవరి దగ్గర చూసినా తమ మూడు తేదీల కత్తిరింపులే ఉంటాయి, మిగతా మూడు ఉండవు. కాకి వాలడం, తాటిపండు పడడం అనే న్యాయం ఇంత క్రమం తప్పకుండా నడిచిన సందర్భం మరొకటి లేదేమో.

మరి ఆ నాలుగు శాతాన్ని ఇన్నేళ్లుగా బతికించినది ఏది? జోస్యం కాదు. 2004 ఉత్తర్వు పడిపోవడానికి ప్రధాన కారణం వెనుకబడిన తరగతుల కమిషన్‌ను సంప్రదించకపోవడం. 2005 చట్టం పడిపోవడానికి కారణం మొత్తం సమాజాన్ని ఒకే గాటన కట్టడానికి సరైన ప్రమాణాలు చూపలేకపోవడం. ఈ రెండు లోపాలనూ చదివి, పి.ఎస్. కృష్ణన్ వంటి అనుభవజ్ఞుడు సమాజంలోని వెనుకబడిన శ్రేణులను విడివిడిగా గుర్తించే నివేదిక ఇచ్చారు. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ ముస్లింలు, హజ్జాంలు, ఖురేషీలు, సిద్దీలు ఇలా జాబితా తయారైంది. కమిషన్ ముందుకు వెళ్లి తమ వృత్తి, తమ పేదరికం, తమ పిల్లల చదువు ఎక్కడ ఆగిపోయిందో చెప్పుకున్న మామూలు మనుషులున్నారు. బి.సి-ఇ ధ్రువపత్రంతో వైద్య కళాశాలలో చేరిన ప్రతి బిడ్డ వెనుకా వారి గంటల తరబడి నిరీక్షణ ఉంది. వారెవరూ ‘నేనే తెచ్చాను’ అని పుస్తకం వేసుకోలేదు. తెచ్చామని పుస్తకాలు వేసుకున్నవారు వేరే.

కమ్మర్‌పల్లి నుంచి వచ్చిన తరువాత మేము మా పాత సంచికలను కట్టలు విప్పి చూశాం. 2017 ఏప్రిల్ 16న తెలంగాణ శాసనసభ ముస్లింల కోటాను పన్నెండు శాతానికి పెంచే బిల్లును ఆమోదించింది. దానికి ఢిల్లీ నుంచి ఆమోదం రాదని మేము ఆ తరువాతి సంచికలోనే రాశాం. రాలేదు. ఆ వాక్యాన్ని మేము తరువాతి సంచికల్లో కనీసం ఆరు చోట్ల సగర్వంగా ఉటంకించుకున్నాం. పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. అయితే అదే వ్యాసంలో, రెండు పేరాల కింద, ఇంకొక జోస్యం ఉంది: రెండేళ్లలో ఉన్న నాలుగు శాతం కూడా సుప్రీంకోర్టులో పోతుందని. పోలేదు. 2022 నాటికి కూడా ఆ వ్యాజ్యం రాజ్యాంగ ధర్మాసనం ముందు తేలకుండానే ఉంది. ఆ రెండో జోస్యాన్ని మేము ఒక్కసారైనా ఉటంకించలేదు. 2019 ఎన్నికల ముందు మేము రాసింది ఇంకా నవ్వు తెప్పిస్తుంది. ఇంతమంది రైతులు పోటీ చేస్తే వ్యతిరేక ఓటు చీలి సిట్టింగ్ ఎంపీ సునాయాసంగా గెలుస్తారని రాశాం. ఆమె డెబ్బై వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ సంచికను ఎవరూ సభలో పైకెత్తి చూపలేదు, మేమూ చూపలేదు.

తప్పు పోవడం పెద్ద దోషం కాదు. గైబ్ అల్లాహ్‌కు మాత్రమే తెలుసని విశ్వసించే సమాజంలో పత్రికా సంపాదకులకు భవిష్యత్తు తెలియకపోవడంలో వింత లేదు. దోషం ఎక్కడుందంటే, ఆ రెండో పేరాను చదివిన తండ్రి ఎవరైనా, ఎలాగూ కోటా పోతుంది కదా అని కూతురి బి.సి-ఇ ధ్రువపత్రానికి దరఖాస్తు చేయకుండా ఆగి ఉంటే? అలా ఆగినవారు ఉన్నారో లేరో మేము విచారించలేదు. విచారించాలన్న ఆలోచనే రాలేదు. నిజమైన జోస్యాన్ని లెక్కించుకుంటూ కూర్చున్నవారికి తప్పిన జోస్యం ఎవరిని దెబ్బ తీసిందో చూసే తీరిక ఉండదు.

జ్ఞాపకం మనిషిని ఎలా మోసగిస్తుందో మనస్తత్వ పరిశోధకులు పరీక్షించి చూశారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, మాస్కో పర్యటనలకు బయలుదేరే ముందు, అక్కడ ఏమేమి జరగవచ్చో ఒక్కొక్కదానికి ఎంత అవకాశం ఉందో అంచనా వేయమని బరూక్ ఫిష్‌హాఫ్ అనే పరిశోధకుడూ ఆయన సహచరీ కొందరు విద్యార్థులను అడిగారు. పర్యటనలు ముగిసిన కొంతకాలానికి, మీరు అప్పుడు ఏ అంచనా వేశారో గుర్తు చేసుకొని రాయమన్నారు. జరిగిన సంఘటనల విషయంలో చాలామంది తాము వేసిన దానికన్నా ఎక్కువ అవకాశాన్నే వేశామని గుర్తు చేసుకున్నారు. వారు అబద్ధం చెప్పలేదు. తమకు నిజంగానే అలా జ్ఞాపకం వచ్చింది. ఫిలిప్ టెట్‌లాక్ అనే మరో పండితుడు 284 మంది నిపుణుల రాజకీయ జోస్యాలను రెండు దశాబ్దాల పాటు లెక్కగట్టి 2005లో పుస్తకంగా వెలువరించాడు. పేరు ఎక్కువ ఉన్నవారి అంచనాలు తక్కువ నిజమయ్యాయని తేలింది. తప్పు తేలినప్పుడు వారు చెప్పిన సాకులు మన సభల్లో వినేవే: దాదాపు నిజమైంది, ఇంకా సమయం రాలేదు.

ఈ విద్యలో మనం పరాయివారి దగ్గర నేర్చుకోవలసింది తక్కువేనని కూడా చెప్పాలి. హదీసు పండితులు ఉల్లేఖకుల జీవితాలను గ్రంథస్థం చేసినప్పుడు వారి సత్యాలతో పాటు వారి పొరపాట్లనూ నమోదు చేశారు. ఎవరి జ్ఞాపకశక్తి వార్ధక్యంలో తడబడిందో, ఏ ఊరిలో చెప్పినది నమ్మదగినదో, ఏ ఊరిలో చెప్పినది కాదో కూడా రాశారు. పేరు చూసి మినహాయింపు ఇవ్వలేదు. ఇమామ్ షాఫయీ ఇరాక్‌లో ఉన్నప్పుడు ఇచ్చిన అభిప్రాయాల్లో చాలావాటిని ఈజిప్టుకు వెళ్లిన తరువాత మార్చుకున్నారు. ఆయన పాత మాట, కొత్త మాట రెండూ ఆ పేర్లతోనే నేటికీ మద్రసాల్లో బోధిస్తారు. పాతదానిని దాచి, ‘నేను మొదటి నుంచీ ఇదే అన్నాను’ అని ఆయన అనలేదు, ఆయన శిష్యులూ అనలేదు. పన్నెండు వందల ఏళ్ల కిందటి ఆ మర్యాద మన నెలవారీ పత్రికలకు ఎందుకు అబ్బలేదో మాకు అర్థం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అణగారిన సమాజం తన పాత మాటను గుర్తు చేయకపోతే, ఎవరు చేస్తారు? సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో వచ్చింది. దానికి ముందు మన వెనుకబాటును గురించి చెప్పినప్పుడల్లా ‘బుజ్జగింపు రాజకీయం’ అని కొట్టిపారేసినవారున్నారు. నివేదిక వచ్చాక ‘మేము చెప్పినది ఇదే’ అనే హక్కు మనకు లేదా? ఉంది. ఆ హక్కును మేము వదులుకోమనడం లేదు. కానీ అక్కడ పని చేసినది జనాభా లెక్కలు, బ్యాంకు రుణాల లెక్కలు, బడి మానేసిన పిల్లల లెక్కలు. మాట ఎవరిదన్నది అందులో లేదు. పాత మాటకు విలువ అది రుజువుగా పనికివచ్చినప్పుడే. ఫలానా తేదీన తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాం, ఇదిగో ఇన్‌వర్డ్ నంబరు, ఇదిగో ముద్ర, అంటే అది కూడా ‘ముందే చెప్పాం’ అనడమే. కానీ దానిని ట్రిబ్యునల్ వింటుంది. సభలో చెప్పిన మాటకు ఇన్‌వర్డ్ నంబరు ఉండదు.

ఇంకో సంగతి చెప్పడానికి మాకు సంకోచంగా ఉంది, అయినా చెప్పాలి. చెడు జరుగుతుందని చెప్పి పేరు పొందినవాడికి ఆ చెడు జరగడంలో ఒక వాటా ఏర్పడుతుంది. వక్ఫ్ బిల్లు పార్లమెంటులో నెగ్గిన రాత్రి మా కార్యాలయానికి వచ్చిన ఫోన్లలో దుఃఖం ఉంది, కోపం ఉంది. కొన్నింటిలో ఒక వింత ఉత్సాహం కూడా ఉంది. ‘చూశారా, నేను అన్నట్టే అయింది!’ ఆ గొంతును మేము గుర్తుపట్టాం. అది కొన్నిసార్లు మాదే. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు మన సభల్లో కూర్చొని ఈ గొంతును వింటున్నారు. నష్టం జరిగిన రోజు పెద్దల ముఖాలు వెలిగిపోవడం చూసిన పిల్లవాడు రేపు ఆ పెద్దల పిలుపుకు వస్తాడా? సభలకు యువకులు రావడం లేదని మనం తరచూ వాపోతాం. వారు సోమరులై రావడం లేదని తేల్చేస్తాం. ఒకసారి వారినే అడిగి చూడవలసింది.

సంస్థల మధ్య తగాదాల్లోనూ దీని పాత్ర చిన్నది కాదు. జిల్లాలో ఒక ఉమ్మడి కార్యాచరణ కమిటీ వేయాలని కూర్చున్న ప్రతిసారీ, ఎవరు ముందు చెప్పారన్న దగ్గరే సగం సమయం పోతుంది. ఒక కరపత్రంలో ‘తొలిసారిగా గళమెత్తిన’ అన్న రెండు మాటలు ఎవరి పేరు ముందు రావాలన్న వివాదంతో ఆ కరపత్రమే అచ్చుకు వెళ్లని సందర్భానికి మేము సాక్షులం. ఆ కరపత్రంలో ఉండవలసినది నమోదుకు కావలసిన కాగితాల జాబితా.

కమ్మర్‌పల్లి పెద్దాయన సంగతికి తిరిగి వద్దాం. సభ ముగిశాక ఆయన సంచిని మా ముందు తెరిచారు. ఆయన పని చేసినది పసుపు కడాయిల దగ్గర, ఆ తరువాత పదకొండేళ్లు గల్ఫ్‌లో. చదువు నాలుగో తరగతి, అదీ ఉర్దూ మీడియం. సంచిలో ఉన్నవి: ఖబ్రస్తాన్ గోడకు చందాలు వసూలు చేసిన పాత రసీదు పుస్తకం, విద్యుత్ బిల్లు ఒకటి, పంచాయతీకి ఎప్పుడో ఇచ్చిన ఒక అర్జీ నకలు, దానిపై వెలిసిపోయిన గుండ్రటి ముద్ర, ఇంకా సమాధుల వరుసను తన చేత్తో గీసుకున్న ఒక పటం. ఏ వరుసలో ఎవరున్నారో, ఏ ఏడు పోయారో పక్కన ఉర్దూలో రాసుకున్నారు. ‘మా అబ్బా చెప్పిన్రు, రాసి పెట్టుకోమని’ అన్నారు. వేదికపైని నలుగురిలోనూ, కింద కూర్చున్న మా ఇద్దరిలోనూ లేని ముందుచూపు ఆ సంచిలో ఉంది. ‘ముందే రాసి పెట్టుకున్నాను’ అని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ కాగితాల నకళ్లు తీయించి, ట్రిబ్యునల్ వ్యవహారాలు చూసే ఒక న్యాయవాదికి పంపాం. సర్వే నంబరు ఇంకా దొరకలేదు. గెజిట్‌లో ఆ గ్రామం పేరు వేరే రకంగా అచ్చయి ఉండవచ్చని ఆయన అనుమానం. నిజామాబాద్ నుంచి ఒక కార్యకర్త ప్రతి మంగళవారం దానికోసం తిరుగుతున్నారు.

మా పత్రిక విషయంలో మేము ఒక నిర్ణయం తీసుకున్నాం. ఇకపై ఈ పుటల్లో మా పాత వాక్యాన్ని ఎక్కడ ఉటంకించినా, అదే వ్యాసంలో తప్పిన వాక్యాన్ని కూడా దాని పక్కనే అచ్చు వేస్తాం. వచ్చే సంచికలో 2017 నాటి ఆ రెండో పేరాతో మొదలుపెడతాం. రచయితలు పంపే వ్యాసాల్లో ‘నేను ముందే చెప్పాను’ అన్న వాక్యం ఉంటే, చెప్పిన తేదీ, ఆ తేదీ తరువాత చేసిన పని, రెండూ రాసి పంపమని కోరుతున్నాం. ఇది రాసిన వారం రోజులకే ఒక సీనియర్ రచయిత కోపంతో ఫోన్ చేశారు. ఇటువంటి నియమం పెడతారని తనకు ముందే తెలుసునట.